సైప్రసు ద్వీపము: ప్రయాణమునకు తగిన కాలము

గత సంవత్సరము వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన వారమున మాకొక ఉత్తరము వచ్చెను. పూర్వము మన పాఠశాలలో చదివి, ఇప్పుడు సైప్రసు ద్వీపమునందలి అయియా నాపా అను తీరపట్టణమున నొక హోటలులో వంటపని చేయుచున్న యువకుడు దానిని వ్రాసెను. "అయ్యా! నేనున్న చోటు ఒకసారి కన్నులార చూడవలెనని అమ్మ కోరుచున్నది. రెండు వారములు ఇచట ఉంచుకొని పంపగలను. ఆమెకు మోకాళ్ల నొప్పియు, రక్తపుపోటును కలవు. ఇట్టి ప్రయాణము మరియొకసారి చేయించు స్తోమత నాకు లేదు. ఏ మాసమున రప్పించిన మంచిదో తెలుపగోరుచున్నాను" అని దాని సారాంశము.

మేము తెలుగు బోధించువారమే. అయినను ఆ దినములలో భూగోళోపాధ్యాయులు సెలవుమీద నుండుటచే పదవ తరగతికి ఆ పాఠమును మేమే చెప్పుచుంటిమి. ఉత్తరమును తరగతిలో చదివి వినిపించి, దానినే పాఠముగా గైకొంటిమి. ఆ పాఠమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

1. ద్వీప స్వరూపము

సైప్రసు మధ్యధరా సముద్రమునకు తూర్పుకొనయందున్నది. సిసిలీ, సార్డీనియాల తరువాత ఆ సముద్రమున ఇదియే పెద్ద ద్వీపము. దీని వైశాల్యము 9,251 చదరపు కిలోమీటర్లు. నడుమ త్రోడోస్ పర్వతములు కలవు. వానిలో ఒలింపస్ శిఖరము 1,952 మీటర్ల ఎత్తు. ఉత్తరమున మరియొక సన్నని కొండవరుస కలదు. ఈ రెంటి నడుమ మెసవోరియా మైదానము. అందు నికోసియా రాజధాని. ద్వీపము 1960లో స్వతంత్రమయ్యెను. గ్రీకు, తుర్కీ భాషలు రెండును రాజ్యాంగముచే అధికార భాషలు. 1974 నుండి దేశము రెండు భాగములై యున్నది. 2003లో ఇరుప్రక్కలవారు దాటుటకు దారులు తెఱచిరి. ఒకే వీధిలో రెండు మూడు భాషలు వినుచు పెరిగిన మన పిల్లలకు అచటి రెండు లిపుల పలకలు వింతగొలుపవు.

2. ఋతువుల తీరు, దాని కారణము

మనకు వానకాలమనగా ఉక్కయు మేఘములును కలసిన కాలము. అచట ఎండయు వానయు సాధారణముగా కలసి రావు. జూన్ మొదలు సెప్టెంబరు మధ్యవఱకు ఆకాశము నిర్మలముగా నుండి, వాన దాదాపు పడదు. నవంబరు నడుమ నుండి మార్చి నడుమవఱకు శీతకాలము, వాన అప్పుడే. ఏటి వర్షపాతమున రమారమి నూటికి 60 పాళ్లు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మాసములలో కురియును. వసంతము, శరత్తు కొలదికాలమే నిలుచును.

ఇందుకు కారణమేమి? శీతకాలమున చిన్న చిన్న అల్పపీడనములు మధ్యధరా సముద్రముమీదుగా పడమటినుండి తూర్పునకు సాగి వానలు తెచ్చును. వేసవిలో ఆ దారి ఉత్తరమునకు జరుగును. అంతమాత్రమే కాదు. 1996లో రాడ్వెల్, హాస్కిన్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక విశేషమును నిరూపించిరి. మన దేశమున నైరృతి ఋతుపవనములు కురియునపుడు, మేఘములు కట్టు తావున అపారమైన వేడి వెలువడి గాలి పైకి లేచును. దాని ప్రభావముచే పడమటి దిక్కున, తూర్పు మధ్యధరా ప్రాంతముమీద, గాలి క్రిందికి దిగును. దిగు గాలి వేడెక్కును; వేడెక్కిన గాలిలో మేఘము నిలువదు. కావున మనకు వాన కురియుటయు, సైప్రసున ఆకాశము ఎండియుండుటయు నొకదానితో నొకటి ముడిపడినవి. ఇచట గొడుగు విప్పిన దినములే అచట బావులు అడుగంటు దినములు.

నీటి కొఱత అచట చిన్న మాట గాదు. 2008లో అనావృష్టిచే గ్రీసు దేశమునుండి ఓడలలో నీరు తెప్పించుకొనవలసి వచ్చెను. యాత్రికులు మిక్కిలిగా వచ్చునది చినుకు రాలని వేసవిలోనే యని గమనింపవలెను.

3. మాసముల తారతమ్యము

వేసవి: జూలై, ఆగస్టు మాసములలో నడిమి మైదానమున పగటి అత్యధికోష్ణత సగటున 36 డిగ్రీలు, త్రోడోస్ పైభాగమున 27. సముద్రజలము ఆగస్టునందు 27 డిగ్రీలు. ఈతకును, రాత్రులందు విహారమునకును యువకులు ఈ కాలమునే కోరుదురు. సముద్రపు తాబేళ్లు పడమటనున్న లారా ఇసుకతీరమున గ్రుడ్లు పెట్టునదియు ఇప్పుడే. కాని వేసవి యెండ పరిహాసము కాదు. 2021 జూలైలో త్రోడోస్ దక్షిణపు వాలులందు చెలరేగిన కార్చిచ్చునకు ఈజిప్టు దేశపు కూలీలు నలుగురు బలియైరి. రక్తపుపోటు గల పెద్దవారికి ఈ కాలము తగదు.

శీతకాలము: జనవరిలో మైదానమున రాత్రి అత్యల్పోష్ణత సగటున 5 డిగ్రీలు, పర్వతముపై సున్న. వేయి మీటర్లకు పైన ఏటేట మంచు కురియును. పగలు డిసెంబరున 9.8 గంటలే. మంచు చూడగోరువారికి మంచిదే గాని, చలికి బిగుసుకొను మోకాళ్లకు మంచిది కాదు.

వసంతము: ఫిబ్రవరిలో బాదము చెట్లు పూయును. మార్చి, ఏప్రిల్ మాసములందు పొలములనిండ అడవిపూలు. కొండలలోని పటములు వ్రాసిన ప్రాచీన దేవాలయములను చూచుటకు ఏప్రిల్, మే మాసములు ఉత్తమము. ఒక చిక్కు కలదు. నేల త్వరగా వేడెక్కును, త్వరగా చల్లారును. సముద్రము మెల్లగా వేడెక్కును, మెల్లగా చల్లారును. అందుచే ఏప్రిల్లో గాలి వెచ్చగా నున్నను, సముద్రజలము సుమారు 18 డిగ్రీలు మాత్రమే.

శరత్తు: అదే న్యాయముచే నవంబరున గాలి చల్లబడినను నీరు 22 డిగ్రీలకు దగ్గరగా నుండును. అక్టోబరు వెచ్చన. అక్టోబరు, నవంబరులలో ఓలివు కాయలు కోయుదురు. తొలివానలు పడి లార్నకా ఉప్పుసరస్సు నిండిన పిమ్మట రాజహంసలను పోలిన గులాబివన్నె పక్షులు గుంపులుగా వచ్చి వ్రాలును.

4. నిర్ణయము

ఇంతవఱకు విన్న పిమ్మట తరగతిని అడిగితిమి. ఒక బాలుడు "మే మాసము, మనకు సెలవులు గదా!" అనెను. వెళ్లునది ఆమె గాని మనము గాము అని అందఱు నవ్విరి. పెక్కుమంది "ఏప్రిల్" అనిరి. మా అభిప్రాయమును అదియే. పూలు, మెత్తని యెండ, చూడదగిన కొండలు; ఇంతకన్న కావలసినదేమి? అట్లే వ్రాసి పంపుటకు కాగితముకూడ తీసితిమి.

అప్పుడు వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "అయ్యా! ఆ అన్నకు సెలవు ఎప్పుడు దొరకును?" అని అడిగెను.

మేము నిరుత్తరుల మైతిమి. అయియా నాపాలో హోటళ్లు ఏప్రిల్ నుండి అక్టోబరువఱకు యాత్రికులతో నిండియుండును. నవంబరునుండి పెక్కు హోటళ్లు మూతపడును. ఏప్రిల్లో తల్లి వచ్చినచో కుమారుడు ప్రొద్దుననే వంటశాలకు పోయి, రాత్రి ఆమె నిద్రించిన పిదప ఇల్లు చేరును. భాష తెలియని ఊరిలో ఆమె పూలు చూచుచు ఒంటిగా కూర్చుండవలెను. ఆమె అంత దూరము పోవునది పూలకొఱకా, కుమారునికొఱకా? వాతావరణ పట్టికలన్నియు ముందు పెట్టుకొని, అడుగవలసిన మొదటి ప్రశ్నను మేము విడిచితిమి. ఆ బాలిక విడువలేదు.

మిగిలిన లెక్క సులభమయ్యెను. సెలవు దొరకునది నవంబరు మొదలు మార్చివఱకు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి చలియు వానయు గల కాలము, మోకాళ్లకు పడదు. మార్చి బాగుండును గాని, చివరివారములందు హోటలు తెఱచుటకు ముందటి పని మొదలగును. ఇక నవంబరు మొదటి సగము. పగలు తీరమున 22 డిగ్రీల చుట్టు. రాత్రి ఒక ఉన్నిశాలువ చాలును. వాన పడినను కొలది దినములే. కావున "నవంబరు మొదట రప్పింపుము. మందులు చాలినన్ని తెమ్మనుము. కొండ శిఖరమునకు తీసికొనిపోకుము. నికోసియా ఒక దినము, ఉప్పుసరస్సు ఒక దినము, మిగిలిన దినములు ఆమె యిష్టము" అని వ్రాసితిమి. అడిగిన బాలిక చేతనే ఆ వాక్యములు వ్రాయించితిమి.

డిసెంబరున ప్రత్యుత్తరము వచ్చెను. పక్షులు ఇంకను రాలేదట; సరస్సు నిండలేదు. రెండు దినములు ఉఱుములతో వాన కురిసెను. అయినను కుమారుడు రెండు వారములును తల్లి వద్దనే యుండెను. అయియా నాపాకు సమీపమున కొక్కినోఖోరియా అను ప్రాంతము కలదు. గ్రీకు భాషలో "ఎఱ్ఱ ఊళ్లు" అని దాని యర్థము. ఎఱ్ఱనేలలో బంగాళాదుంపలు పండించు పల్లెలవి. వాన వెలిసిన సాయంకాలమున అచటికి పోగా, ఆమె చెప్పులు విడిచి చేనిగట్టున నిలిచి, గుప్పెడు మన్ను తీసి నలిపి, "మన చేని మన్నేరా ఇది" అనెనట.

విద్యార్థులారా! "మంచి కాలము" అనునది పంచాంగమునందును లేదు, పటమునందును లేదు. ఎవరికి, దేనికొఱకు అని అడిగిన పిమ్మటనే ఆ మాటకు అర్థము కలుగును. అంకెలు ఆ ప్రశ్నకు తోడుపడును గాని, ఆ ప్రశ్నను మనకు బదులుగా అడుగజాలవు.

అభ్యాసము

1. ఏప్రిల్లో సైప్రసు గాలి వెచ్చగా నున్నను సముద్రము చల్లగా నుండుటకు కారణమేమి?
2. మన నైరృతి ఋతుపవనములకును సైప్రసు వేసవి యనావృష్టికిని గల సంబంధమును మీ మాటలలో వ్రాయుడు.
3. మన ఊరికి మీ బంధువులలో నొక వృద్ధుని, ఒక శిశువు గల తల్లిని ఏ యే మాసములందు ఆహ్వానింతురు? కారణములు తెలుపుచు ఒక్కొక్కరికి ఒక్కొక్క ఉత్తరము వ్రాయుడు.