ఎలక్ట్రిక్ స్మోకర్ కొనేముందు

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. పెరట్లో కోడి, చేప వండుకోవడానికి ఎలక్ట్రిక్ స్మోకర్ కొనాలనుకుంటున్నాం. మంచిదని ఎలా గుర్తించాలండీ?

జవాబు: ధర కన్నా ముందు తలుపు చూడండి. దాని చుట్టూ ఉండే సీలు గట్టిగా పట్టకపోతే వేడీ, పొగా రెండూ బయటికి పోతాయి. గోడలు రెండు పొరలుగా ఉండి, మధ్యలో ఇన్సులేషన్ ఉన్నదే తీసుకోండి. చలికాలంలో ఆ తేడా బాగా తెలుస్తుంది. తలుపు తెరవకుండా పక్కనుంచి చెక్కముక్కలు వేసే వీలుండాలి. 800 వాట్ల హీటర్ మామూలు కుటుంబానికి చాలు. చాలా మోడళ్లు 275 డిగ్రీల ఫారన్‌హీట్ దాటవు కాబట్టి కోడి చర్మం కరకరలాడదు. చివర్లో కాసేపు ఓవెన్‌లో పెట్టండి.

చెక్క విషయంలో నా ఓటు ఆపిల్‌కే. మెస్కీట్ పొగ ఘాటెక్కువ, మన మసాలా రుచిని కప్పేస్తుంది.

డిస్‌ప్లేలో కనిపించే అంకెను నమ్మి వడ్డించకండి. మాంసంలో గుచ్చే థర్మామీటర్ విడిగా కొనుక్కోండి. కోడి లోపల 165 డిగ్రీలకు చేరాలి.

గ్యారేజీలో మాత్రం అస్సలు వద్దు. చెక్క రాజుకున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. దయచేసి ఆరుబయటే, వాన లేనప్పుడే వాడండి.