ప్రేమతో సత్యం పలుకుదాం



పునీత పౌలుగారు ఎఫెసీయులకు వ్రాసిన లేఖ 4వ అధ్యాయం 15వ వచనంలో సత్యాన్ని, ప్రేమను ఒకే చోట చేర్చి బోధించారు. ఈ రెండింటినీ విడదీస్తే ఏమవుతుందో ఆసుపత్రిలో మేము తరచుగా చూస్తుంటాము.

ప్రేమ పేరుతో దాచినప్పుడు

"సిస్టర్ గారూ, నాన్నగారికి ఈ జబ్బు సంగతి చెప్పకండి, తట్టుకోలేరు" అని పిల్లలు బతిమాలుతారు. అది ప్రేమతో అన్న మాటే. కానీ రోగికి తన ఒంట్లో తేడా తెలుస్తూనే ఉంటుంది. బంధువులు వరుసగా వచ్చి చూసిపోతుంటారు, తలుపు దగ్గర గుసగుసలు వినబడుతుంటాయి. తన భయం ఎవరికీ చెప్పుకోలేక ఆయన ఒంటరివాడవుతాడు. పాపసంకీర్తనం చేసుకోవడానికి, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం స్వీకరించడానికి, పిల్లలతో మనసు విప్పి మాట్లాడడానికి ఉన్న సమయం జారిపోతుంది.

నిజం పేరుతో గాయపరచినప్పుడు

"నేను ముక్కుసూటి మనిషిని" అనేవారు కొందరు. "నీ తాగుడే నిన్ను ఇక్కడికి తెచ్చింది" అని పదిమంది ముందు అనేస్తారు. మాట నిజమే కావచ్చు. రోగి మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇక ఎవరి మాటా వినడు.

పునీత ఫ్రాన్సిస్ దె సాల్స్ గారు (1567-1622) భక్తి జీవితం గురించి 1609లో వెలువరించిన గ్రంథంలో, ఒక్కసారి తాగి ఉండగా చూసి ఒకరికి తాగుబోతు అని పేరు పెట్టవద్దని హెచ్చరించారు. పరనిందకు భయపడి చెడును మంచి అని మెచ్చుకోవద్దని కూడా చెప్పారు. అంటే తప్పును తప్పు అనాలి, మనిషి గౌరవాన్ని కాపాడాలి. ఈ పునీతుని పేరిట వెలసిన సభ గురువులు 1846లో విశాఖపట్నం వచ్చి మన ప్రాంతంలో సేవ చేశారు.

ఎలా చెప్పాలి?

1. ముందు ప్రార్థించండి. కోపం చల్లారాక మాట్లాడండి.

2. ఏకాంతంగా చెప్పండి. మత్తయి సువార్త 18:15లో ప్రభువు నేర్పిన పద్ధతి ఇదే.

3. "మీ ఆరోగ్యం గురించి ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని రోగినే అడగండి. జబ్బు వివరాలు డాక్టరుగారు చెబుతారు. ఆ సమయంలో ఇంటివారు పక్కన కూర్చోండి. చెప్పిన తరువాత వెంటనే లేచి వెళ్ళిపోకండి.

4. తెలుసుకొనే హక్కు లేనివారికి చెప్పనవసరం లేదని శ్రీసభ సత్యోపదేశం (2489) బోధిస్తుంది. ఒకరి హెచ్.ఐ.వి. సంగతి ఇరుగుపొరుగుకు చెప్పడం సత్యసంధత కాదు.

డాక్టరుగారి దగ్గర

ఇక్కడ దాపరికం ప్రాణం మీదకు తెస్తుంది. షుగరు మాత్రలు మానేసి "వేసుకుంటున్నాను" అంటే మోతాదు పెంచుతారు. తరువాత అవన్నీ వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆపరేషన్‌కు ముందు ఏమైనా తిని "ఏమీ తినలేదు" అంటే, మత్తులో వాంతి అయి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. టి.బి. మందులు మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా పోవచ్చు. నాటు మందు వాడినా సిగ్గుపడకుండా చెప్పండి. నిజం చెప్పినవారిని కసరుకోకుండా వినడం మా సిబ్బంది బాధ్యత.

ఈ నెల సాధన

రాత్రి ప్రార్థనలో ఆత్మ పరిశోధన చేసుకొనేటప్పుడు ఇలా అడుగుకోండి: ఈరోజు భయపడి ఏ నిజం దాచాను? ఏ నిజాన్ని కోపంతో విసిరాను? రేపు ఎవరితో ప్రేమగా మాట్లాడాలి? ఆ ఒక్కరి పేరు చెప్పి ఒక మంగళవార్త జపం చేసి పడుకోండి. తెల్లవారాక వారి దగ్గరకు వెళ్ళండి.

ప్రభువు మీ ఇంటిని, మీ మాటను దీవించునుగాక.