అయస్కాంత చికిత్సతో వ్యసనం వదులుతుందా?

ప్రశ్న: మావారు పదిహేనేళ్లుగా తాగుతున్నారు. డీ-ఎడిక్షన్ సెంటర్‌లో రెండుసార్లు చేర్పించినా మళ్లీ మొదలుపెట్టారు. తలకు అయస్కాంతం పెట్టి తాగుడు మాన్పిస్తారట, నిజమేనా? అది కరెంట్ షాకా?
- ఒక సోదరి, వరంగల్

జవాబు: షాక్ కాదమ్మా. దీన్ని ఆర్‌టీఎంఎస్ అంటారు. మత్తు ఇవ్వరు, కోత ఉండదు. తలకు ఆనించిన తీగచుట్ట నుంచి అయస్కాంత తరంగాలు పుర్రె దాటి మెదడుకు చేరతాయి. నుదుటి వెనకున్న మెదడు భాగం కోరికలకు కళ్లెం వేస్తుంది. ఏళ్ల తరబడి తాగితే ఆ పట్టు సడలుతుంది. దాన్ని తిరిగి బిగించడమే ఈ చికిత్స ఉద్దేశం.

రాంచీ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ వైద్యులు 45 మందిపై చేసిన పరిశీలన 2010లో వెలువడింది. పది సిటింగుల తర్వాత తాగాలన్న తహతహ తగ్గింది. కానీ తర్వాతి పరిశీలనలన్నీ ఒకే మాట చెప్పలేదు. కాబట్టి మద్యం విషయంలో ఇదింకా పరిశోధన దశలోనే ఉంది. మందులు, కౌన్సెలింగ్ అక్కర్లేదు, ఇదొక్కటే చాలు అనేవారిని నమ్మి అప్పులు చేయకండి.

తాగుడు హఠాత్తుగా ఆపితే కొందరికి ఫిట్స్ వస్తాయి. ఈ చికిత్సలోనూ అరుదుగా రావచ్చు. అందుకే ముందు డాక్టర్ పర్యవేక్షణలో తాగుడు ఆపించాలి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందుల గురించి సైకియాట్రిస్టును అడగండి. మళ్లీ మొదలుపెట్టడం ఈ జబ్బు లక్షణమే, అందులో మీ తప్పేమీ లేదు. సలహాకు 14446కు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: నాకు సిగరెట్ అలవాటు. ఈ చికిత్స పనిచేస్తుందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వ్యసనాల్లో దీనికి గట్టి ఆధారం దొరికింది పొగాకు విషయంలోనే. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో అనుమతించింది. 262 మందిపై జరిగిన పరీక్షలో వరుసగా నాలుగు వారాలు పొగ మానినవారు అసలు చికిత్స పొందినవారిలో సుమారు 19 శాతం, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 9 శాతం. రెట్టింపు ఫలితమే, అయినా ఎక్కువమంది మానలేకపోయారు. మూడు వారాలపాటు వారానికి అయిదు రోజులు, ఆపై మూడు వారాలు వారానికోసారి వెళ్లాలి. తలనొప్పి రావచ్చు. ఫిట్స్ ఉన్నా, తలలో లోహపు ముక్కలు, కాక్లియర్ ఇంప్లాంట్, ఒంట్లో పేస్‌మేకర్ వంటివి ఉన్నా ముందే చెప్పాలి. నికోటిన్ గమ్, మందులు, కౌన్సెలింగ్ తక్కువ ఖర్చులో దొరుకుతాయి. వాటితోనే మొదలుపెట్టండి. అవి ఫలించకపోతే అప్పుడు దీని గురించి ఆలోచించవచ్చు.