మాట పోయింది, పద్యం మిగిలింది

మ్యూజిక్ థెరపీ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? పరీక్ష ముందు రాత్రి ఇయర్‌ఫోన్స్, లేదంటే ఫలానా రాగం వింటే షుగర్ తగ్గుతుందనే వాట్సాప్ ఫార్వర్డ్. నేనూ అంతే అనుకునేవాణ్ణి. మా తాతయ్యకి పక్షవాతం వచ్చాక అది మారింది.

మా ఊరు తెనాలి దగ్గర. తాతయ్య వయసులో ఉన్నప్పుడు పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టేవాడు. నేను ఫస్టియర్‌లో ఉండగా ఒక తెల్లవారుజామున ఆయనకి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది. మనం చెప్పేది అర్థమయ్యేది. మంచినీళ్ళు కావాలన్నా "త... త..." తప్ప ఇంకేమీ నోట్లోంచి వచ్చేది కాదు.

ఒక సాయంత్రం టీవీలో నాటక పద్యం వస్తోంది. తాతయ్య ఉన్నట్టుండి అందుకున్నాడు. రాగంతో సహా రెండు పాదాలు, మాటలు స్పష్టంగా! నాన్నమ్మ ఏడ్చేసింది. నేనేమో, "పద్యం పాడే ఆయన నీళ్ళు అడగలేడా? కావాలనే మాట్లాడట్లేదు నాన్నమ్మా" అన్నాను. తాతయ్య విన్నాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ సిగ్గేసింది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్ దగ్గరికి ఒక రోగి వచ్చాడు. అతను పలకగలిగింది "టాన్" అనే ఒక్క ముక్కే. అతను చనిపోయాక మెదడు పరీక్షిస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. ఆ చోటునే ఇప్పుడు బ్రోకా ఏరియా అంటున్నాం. మెదడు దెబ్బతిని ఇలా భాష పోవడాన్ని అఫేసియా అంటారు. చాలామందికి మాటల పని ప్రధానంగా చూసేది మెదడు ఎడమ సగం. శరీరం కుడివైపుని నడిపేదీ అదే. అందుకే కుడి చెయ్యి పడిపోయినవాళ్ళకి చాలాసార్లు మాట కూడా పోతుంది. పాటకి మాత్రం కుడి సగం కూడా బాగా పనిచేస్తుంది. మాట పోయినా పాట మిగలడం కొత్త విషయమేమీ కాదు. మాట్లాడలేని ఒక మనిషి చర్చి కీర్తనలు పాడాడని 1745లోనే స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ రాసిపెట్టాడు.

అంటే తాతయ్య మొండికెయ్యలేదు. మాటలు వెళ్ళే మెయిన్ రోడ్డు తెగిపోయింది, పద్యం సర్వీస్ రోడ్డులో వచ్చింది. అంతే.

ఆ సర్వీస్ రోడ్డు మీదుగా మామూలు మాటల్ని కూడా తేవచ్చా? 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు దీనికోసం ఒక పద్ధతి తయారుచేశారు. పేరు మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ. ఎదుటివాళ్ళ మాట అర్థమవుతూ, తాము మాత్రం పలకలేని వాళ్ళకి ఇది. రోజూ అవసరమయ్యే చిన్న మాట తీసుకుంటారు. పైదొకటి, కిందిదొకటి, రెండే స్వరాలు. అక్షరానికొక్కసారి రోగి ఎడమ చేతిని తడతారు. ముందు థెరపిస్ట్ కూనిరాగం తీస్తారు, తర్వాత ఇద్దరూ కలిసి పాడతారు, తర్వాత థెరపిస్ట్ మధ్యలో ఆగిపోతారు, రోగి ఒక్కడే పూర్తిచెయ్యాలి. చివర్లో రాగం తగ్గించుకుంటూ మామూలు మాటలోకి తెస్తారు.

గుంటూరు నుంచి వారానికి రెండుసార్లు ఒక స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ వచ్చేవారు. మొదటి మాట "మంచినీళ్ళు". మం పైన, చి కింద, నీ పైన, ళ్ళు కింద. నాకు టెన్త్ తెలుగు క్లాసు గుర్తొచ్చింది. గురువు, లఘువు, గురువు, లఘువు. రెండు హగణాలు! మార్కుల కోసం బట్టీపట్టిన గణవిభజన మా ఇంట్లో మంచం పక్కన పనికొచ్చింది. మేడమ్ రాని రోజుల్లో మాటలకి గురులఘువులు గుర్తుపెట్టి నాన్నమ్మకి నోట్‌బుక్‌లో రాసిచ్చేవాణ్ణి. గురువు పైస్వరం, లఘువు కిందిస్వరం. ఇది మా ఇంటి చిట్కా మాత్రమే, సైన్స్ కాదు. మేడమ్ చూసి నవ్వి, పర్లేదన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది మాయ కాదు. 2009లో ష్లాగ్ బృందం ఈ థెరపీ తీసుకున్న ఆరుగురి మెదడు స్కాన్‌లు పోల్చితే కుడివైపు నాడీతంతువుల్లో మార్పు కనిపించింది. కానీ వాళ్ళు చేసినవి 75కి పైగా సెషన్లు. 2011లో జర్మనీలో స్టాల్ బృందం ఇంకో మాట చెప్పింది. పని చేసేది రాగం కంటే లయ, ముందే కంఠస్థమైన మాటలు అని. తాతయ్యకి పద్యం వెంటనే వచ్చి, "మంచినీళ్ళు" రావడానికి నెలలు పట్టడం నాకు అప్పుడు అర్థమైంది. పద్యం నలభై ఏళ్ళ రిహార్సల్. లయ సంగతే ఇంకోటి: పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్ళు మెట్రోనోమ్ దెబ్బకి అడుగు కలిపితే నడక మెరుగవుతుందని మైకేల్ థాట్ బృందం 1990లలో చూపించింది.

కాబట్టి ఫ్రెండ్స్, పాట వింటే మనసు తేలికపడటం నిజమే. కానీ మందు మానేసి రాగం వినమనే ఫార్వర్డ్‌ని నమ్మకండి. ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే టైమ్. ఆ తర్వాత మాట రాకపోతే, బుర్ర పోయిందనో నటిస్తున్నారనో అనుకోకండి. నేను అనుకున్నాను.

తాతయ్యకి ఇప్పటికీ పెద్ద వాక్యాలు రావు. మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే, మంచం మీంచి నన్ను చూసి ఎడమ చేత్తో తొడ మీద తాళం వేశాడు. కాస్త ఆగి, రాగం తీస్తూ "ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

"ఇప్పుడే తాతయ్యా" అన్నాను, అదే రాగంలో.