గుండె జబ్బున్న పిల్లలు ఆటలాడవచ్చా?

అండమాన్ దీవుల్లోని పోర్టుబ్లెయిర్ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. ఆ పట్టణంలో జంగ్లీఘాట్ ఒక పేట. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ పేటలో ఒక ఇంటిని ఊహించుకుందాం.

ఆ ఇంట్లో పదేళ్ల అమ్మాయి ఉంది. పుట్టుకతోనే ఆమె గుండె గోడలో చిల్లు ఉంది. చెన్నై తీసుకువెళ్లి ఆపరేషన్ చేయించారు. అది జరిగి ఐదేళ్లయింది. ఇప్పుడు బడిలో ఆటల పోటీలకు పేర్లు రాసుకుంటున్నారు.

“మామ్మా, నేను ఖోఖోకి పేరిస్తాను.”

“వద్దే తల్లీ! గుండె కోయించుకున్న పిల్లవి. గట్టుమీద కూర్చుని చూడు, చాలు.”

“ఎన్నాళ్లు కూర్చోవాలి మామ్మా?”

మామ్మ దగ్గర జవాబు లేదు. ఆమె భయం ఉత్త భయం కాదు. అలాగని అమ్మాయి అడిగింది తప్పూ కాదు. ఇలాంటి ఇంట్లో మీరుంటే ఏం చేస్తారు? కాసేపు ఆలోచించి, తరువాత ముందుకు చదవండి.

మొదట తెలుసుకోవలసింది జబ్బు పేరు. ‘గుండె జబ్బు’ అన్నమాట ఒక్కటే గాని, దాని కింద వచ్చే జబ్బులు అనేకం. పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు 8 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వీటిలో చిన్న చిల్లులు కొన్ని వాటంతట అవే పూడిపోతాయి. చిల్లు పూర్తిగా మూసుకుని, ఊపిరితిత్తుల్లో రక్తపు పోటు పెరగకుండా, గుండె లయ సరిగా ఉన్న పిల్లలు సాధారణంగా తోటివారితో సమానంగా ఆడవచ్చు. ఆపరేషన్ అయిన కొత్తలో మాత్రం రొమ్ము ఎముక అతికేదాకా ఆగాలి. అంటే మన కథలోని అమ్మాయి గట్టుమీదే కూర్చోనక్కరలేదేమో! ఆ మాట తేల్చవలసింది పరీక్ష చేసిన డాక్టరే.

ఒంటికి నీలిరంగు తెచ్చే ‘ఫాలో టెట్రాలజీ’ అనే లోపంతో 1986లో పుట్టిన అమెరికా కుర్రవాడు షాన్ వైట్. పసితనంలోనే అతనికి గుండె ఆపరేషన్లు జరిగాయి. పెద్దయ్యాక మంచుమీద పలకతో జారే ఆటలో 2006, 2010, 2018 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచాడు. అదే లోపమున్న అందరూ అలా ఆడగలరని కాదు. జబ్బు పేరు వినగానే తీర్పు చెప్పకూడదని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

కొన్ని జబ్బులు ఇంత సులువైనవి కావు. గుండె కండరం మందమయ్యే జబ్బు, బృహద్ధమని కవాటం బాగా ఇరుకైన జబ్బు ఉన్నవారికి తీవ్రమైన పరుగు ప్రాణం మీదికి తేవచ్చు. గుండెలోని విద్యుత్తు గతి తప్పే జబ్బుల్లో ఒక రకానికి ఈత ప్రత్యేకమైన అపాయం. పిల్లలు చిన్నప్పుడే సముద్రంలో దిగే జంగ్లీఘాట్ వంటి చోట ఈ సంగతి మరీ ముఖ్యం. బాగా ఈత వచ్చిన మనిషి కారణం తెలియకుండా మునిగిపోయాడనో, చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయాడనో మీ వంశంలో చెప్పుకుంటారా? ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పండి.

ఇక కబడ్డీ సంగతి. గొంతునొప్పి, కీళ్లవాపుల తరువాత వచ్చే గుండె జబ్బులో కవాటాలు పాడవుతాయి. ఒక్కోసారి లోహపు కవాటం అమర్చి, రక్తం గడ్డకట్టకుండా రోజూ మందు ఇస్తారు. ఆ మందు వాడే పిల్లకు తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం ఆగదు. ఆమెకు కబడ్డీ, కుస్తీ వద్దు. నడక, బ్యాడ్మింటన్ వంటివి డాక్టరునడిగి ఆడవచ్చు. చూశారా, ఇక్కడ అపాయం పరుగులో లేదు, దెబ్బలో ఉంది!

ఆడే పిల్లకు అలసినప్పుడు తనంతట తాను ఆగే స్వేచ్ఛ ఉండాలి. ‘ఇంకొక్క రౌండు’ అని మాస్టారు గాని, తోటివారు గాని బలవంతం చేయరాదు. ఆడుతూ మాట్లాడగలుగుతుంటే శ్రమ మితంగా ఉన్నట్టు. దీవుల ఉక్కపోతలో నీళ్లు తరచుగా తాగించాలి.

పరుగెత్తుతూ ఉండగా కళ్లు తిరిగి పడిపోవడం పెద్ద హెచ్చరిక. ఎండలో ప్రార్థనకు నిలబడి సొమ్మసిల్లడం వేరు, ఇది వేరు. ఆటలో ఛాతీనొప్పి, గుండెదడ, పెదవులు నీలిరంగు తిరగడం కూడా అలాంటివే. ఆట వెంటనే ఆపించండి. పరీక్ష అయ్యేదాకా మళ్లీ దింపవద్దు.

పడిపోయిన బిడ్డ పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే ఉల్లిపాయ వాసన చూపుతూ, నోట్లో నీళ్లు పోస్తూ కాలం పోగొట్టకండి. ఒకరిని అంబులెన్సుకు పంపి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్య ఎముక మీద అరచేతి మడమ ఆనించి సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నేర్చుకున్నవారుంటే 30 నొక్కులకు రెండుసార్లు నోటితో ఊపిరి ఇవ్వాలి. నీళ్లలో మునిగిన బిడ్డకు ముందు ఊపిరి ఇవ్వాలి. 2021 జూన్ 12న కోపెన్‌హేగెన్‌లో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలోనే కుప్పకూలాడు. వెంటనే ఛాతీ నొక్కి, యంత్రంతో విద్యుత్ షాక్ ఇవ్వడంతో బతికాడు. లోపల చిన్న పరికరం అమర్చుకుని తరువాత మళ్లీ ఆడాడు.

అండమాన్ నుంచి చెన్నైకో విశాఖకో ఓడలో మూడు రోజుల దాకా పడుతుంది. అందుకని పెద్ద డాక్టరును కలిసినప్పుడే “ఆడవచ్చా?” అని ఊరుకోకుండా, “ఏ ఆట? ఎంతసేపు? ఈత సంగతేమిటి? మళ్లీ ఎప్పుడు చూపించాలి?” అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మన అమ్మాయి తల్లి అలాగే చేసి, బడికి ఈ లేఖ రాసింది:

“వ్యాయామోపాధ్యాయులకు నమస్కారాలు. మా అమ్మాయికి ఐదేళ్ల క్రితం గుండెలో చిల్లు మూశారు. ఖోఖో ఆడవచ్చని డాక్టరు రాసిచ్చిన కాగితం జత చేశాను. అలసిపోయానంటే దయచేసి కూర్చోనివ్వండి. కళ్లు తిరిగి పడితే వెంటనే ఆసుపత్రికి తరలించి, మాకు కబురు చేయండి.”

అభ్యాసం

1. రక్తం గడ్డకట్టకుండా మందు వాడే పిల్లవాడు కబడ్డీ ఎందుకు ఆడకూడదు? మీ సొంత మాటల్లో రాయండి.

2. పై లేఖలో మాస్టారికి ఉపయోగపడే విషయం ఇంకేదైనా చేర్చాలా? చేర్చి, లేఖను తిరిగి రాయండి.

3. మామ్మకు, మనుమరాలికి మధ్య సంభాషణను మరో ఆరు వాక్యాలు కొనసాగించండి. మామ్మ చేత వెంటనే ఒప్పించవద్దు.