అక్షరము రాని ఓటరునకు ఒగ్గుకథ

1951-52 సంవత్సరములలో మన దేశమున తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, ఓటర్లలో నూటికి ఎనుబదిమందికి పైగా చదువురానివారు. అందుచే నభ్యర్థి కొక పెట్టె చొప్పున నుంచి, దానిపై జోడెడ్ల వంటి గుర్తు నంటించిరి. నచ్చిన గుర్తుగల పెట్టెలో చీటి వేసి రావలెను. ఉపాయము మంచిదే. కాని గుర్తును పోల్చుకొనుట వేరు, ఆ గుర్తుతో నిలిచిన మనుష్యుని మంచిచెడ్డలు విచారించుట వేరు. ఈ రెండవపనికి వార్త కావలెను. వార్తను ప్రశ్నించు నలవాటును కావలెను.

పత్రికలు లేకపోలేదు. 1926లోనే సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున గోలకొండ పత్రికను నెలకొల్పిరి. అయితే అక్షరములేని పల్లెలో నొకరు చదువగా పదుగురు వినవలసినదే. చదువువాడు విడిచిన వార్త విన్నవారికి పుట్టనట్లే. చిక్కంతయు నిచ్చటనే యున్నదని మా తలంపు.

మా ప్రాంతమున దీనికొక మార్గము గలదు. లింగాల ఘనపూర్ మండలమునకు చేరిన మాణిక్యాపురమున 1935లో జన్మించి, 2017లో కీర్తిశేషులైన చుక్క సత్తయ్యగారు ఒగ్గుకథకు దేశమంతట పేరు తెచ్చిరి. బీరప్ప, మల్లన్న కథలతో పాటు సామాజిక విషయములను సైతము వారు ఒగ్గుకథగా వినిపించిరి. ఆ కథ పోకడ వినినవారికి తెలియును. డోలు, తాళములు మ్రోగుచుండ ప్రధాన కథకుడు కథ నడుపును. ప్రక్కనున్న వంతవాడు ఊకొట్టుచు, నడుమ నడ్డుతగిలి, ఎగతాళి చేసి, 'అదెట్లన్నా?' అని నిలదీయును. సభలోని ముసలమ్మ మనసున నున్న సందేహమును వాడు నోటితో పలుకును. రేడియోకు గాని, గోడమీది ప్రకటనకు గాని యీ గుణము లేదు. (తరగతిలో ఉపాధ్యాయుని నట్లడ్డగించిన నేమగునో చెప్పనక్కరలేదు!)

ప్రశ్న పుట్టించిన చదువు ఎంతదూరము పోవునో, మా ప్రాంతము కాకున్నను, నెల్లూరు జిల్లా చూపినది. అచ్చట 1990-91లో అక్షరాస్యతా ఉద్యమము సాగెను. సారా వలన చెడిన సంసారపు కథను రాత్రిబడి వాచకమున చదివిన దూబగుంట స్త్రీలు, మన యూరి సారా అంగడి నేల మూయరాదని యడిగిరి, మూయించిరి. పత్రికలు ఆ వార్తను ఊరూరికి చేర్చెను. 1993 అక్టోబరు 1న ప్రభుత్వము సారాను నిషేధించెను. 1994 ఎన్నికలలో మద్యనిషేధము పెద్ద వాగ్దానమయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో తొలగిన మాట నిజమే. అయినను అక్షరములు దిద్దుకొనుచున్న చేతులే ప్రభుత్వముచే నుత్తరము చెప్పించినవి.

2011 నుండి ఏటేట జనవరి 25ను జాతీయ ఓటర్ల దినముగా జరుపుచు, సభలలో ప్రతిజ్ఞ చేయించుచున్నారు. చెప్పినది తిరిగి చెప్పుటయే గాని, అందు అడుగుటకు చోటు లేదు. ఆ సభ కొక ఒగ్గు బృందమును పిలువవలెనని మా మనవి. వంతవాడిట్లు అడుగవలెను: 'పైసలు తీసుకుంటిమి గదా, మాట తప్పితే పాపం గాదా?' 'నేనెవరికి ఏసిన్నో దొరకు తెల్వదా?' 'మిషన్ల ఒత్తితి, నా ఓటు నా గుర్తుకే పోయిందని నాకెట్ల తెలుస్తది?' కథకుడు, ఓటునకు లంచ మిచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమనియు, ఓటు రహస్యమనియు, యంత్రము ప్రక్కనున్న పెట్టె యద్దములో చీటిపై తన గుర్తు ఏడు సెకనులు కనబడుననియు విప్పి చెప్పవలెను. అటుపిమ్మట ముసలమ్మ స్వయముగా నేమడుగునో వినవలెనని మాకు కుతూహలముగా నున్నది.