దుర్భిణి రెట్లు – కెమేరా మిల్లీమీటర్లు

చేనిలో వాలిన ప్రతి పక్షియు పంటకు శత్రువు కాదు. జొన్న, పొద్దుతిరుగుడు చేలలో రామచిలుకలు గింజలను తినివేయును. పసులపోలిగాడు పురుగులను పట్టి తినును. దాని కొరకే చేలలో పక్షి స్థావరములు నాటుచున్నాము. కావున తోలుటకు ముందు పక్షిని గుర్తించవలెను. దగ్గరకు పోయినచో అది ఎగిరిపోవును. అందుచే బైనాక్యులరుగాని, కెమేరాగాని కొనదలచిన రైతులు వానిపై గల అంకెల అర్థమును ముందు తెలిసికొనవలెను.

1. బైనాక్యులరు: దీనిపై 8×42 అని యుండును. 8 అనగా 8 రెట్లు దగ్గరగా చూపునని అర్థము. 80 మీటర్ల దూరమున కంకిపై నున్న పక్షి 10 మీటర్లలో ఉన్నట్లు కనబడును. 42 అనునది ముందరి కటకపు వ్యాసము, మిల్లీమీటర్లలో. రెట్లు 10కి మించినచో చేతి వణుకు కూడ పెద్దదై బొమ్మ నిలువదు.

2. కెమేరా: దీని కటకముపై రెట్లు కాక నాభ్యంతరము మిల్లీమీటర్లలో ఉండును. 36×24 మి.మీ. చట్రము గల కెమేరాలో 50 మి.మీ. కటకమును ఒక రెట్టుగా ఎంచుట వాడుక. నాభ్యంతరమును 50తో భాగించిన ఉజ్జాయింపుగా బైనాక్యులరు రెట్లు వచ్చును. 400 మి.మీ. కటకము 8 రెట్లకు సమానము. చట్రము చిన్నదైనచో ముందు దాని గుణకముతో హెచ్చించవలెను. గుణకము 1.5 అయినచో 200 మి.మీ. కటకము 300 వలె పనిచేయును. అనగా 6 రెట్లు.

3. మోసపోవు చోటు: ఫోనులో 5× అనునది ఆ ఫోను ప్రధాన కటకముతో పోల్చిన లెక్క. ఆ కటకము 24 మి.మీ.కు సమానమైనచో, 5× అనగా 120 మి.మీ.; బైనాక్యులరు లెక్కలో 2.4 రెట్లు మాత్రమే. అట్లే 24 నుండి 960 మి.మీ. వరకు సాగు కెమేరాను 40× అని అమ్ముదురు. 960ని 50తో భాగించి చూడుడు. సుమారు 19 రెట్లే. డిజిటల్ జూమ్ బొమ్మను సాగదీయునే కాని కొత్త వివరమును చూపదు.

గట్టుపై నిలిచి చూచుటకు 8×42 బైనాక్యులరు చాలును. వ్యవసాయాధికారికి ఫోటో పంపవలెనన్న కెమేరా కావలెను. కొనునపుడు “ఎన్ని రెట్లు?” అని కాక, “35 మి.మీ. ఫిలిం కెమేరా లెక్కలో నాభ్యంతరమెంత?” అని అడుగుడు. ఏ దుర్భిణితోను సూర్యుని వైపు చూడరాదు.